మిరప చేలో స్పానిష్

సాతంరాయి దాటి హైవే నుంచి లోపలికి తిరిగితే, విమానాలు చక్రాలు దించుకుంటూ నెత్తి మీద నుంచి పోయే చోట, ఒక విత్తనాల కంపెనీ వాళ్ల మిరప చేను ఉంది. విదేశాల నుంచి కొనేవాళ్లు వస్తే, నచ్చిన మొక్కకల్లా ఎర్ర రిబ్బను కట్టడం అక్కడి పద్ధతి. రిబ్బన్ల కట్ట పట్టుకుని అతిథి పక్కన నడిచేది దుబాసీ. ఏళ్ల తరబడి ఆ కట్ట జ్ఞానప్రసూనాంబ చేతిలోనే ఉంది.

ఆవిడ తెనాలి మనిషి. పెళ్లయి హైదరాబాదు వచ్చాక, పిల్లలు బడికి పోతే పొద్దుపోక స్పానిష్ మొదలుపెట్టింది. నిఘంటువు అట్టలూడి మళ్లీ బైండు చేయించుకునేంత చదివింది. మాట్లాడితే అచ్చేసిన పుస్తకం చదువుతున్నట్టే ఉంటుంది. పోర్చుగీసు ఓడలెక్కి మిరప మన ఒడ్డుకెలా చేరిందో ఆవిడ చెబుతుంటే వచ్చినవాళ్లు బేరం మరిచిపోయేవారు.

ఈ ఏడు శిరీష చేరింది. తొండుపల్లి రైతుబిడ్డ. కాల్ సెంటరులో మెక్సికో వాళ్ల తిట్లు తిని, మళ్లీ వాళ్లనే నవ్వించి నేర్చుకున్న స్పానిష్ ఆ పిల్లది. ఇకమీదట ఒకరే అతిథుల వెంట ఉంటారనీ, రెండోవారు ఆఫీసులో కాగితాలు తర్జుమా చేసుకోవాలనీ మేనేజరు హరిప్రసాద్ చెప్పాడు. ఎవరెక్కడో ఈసారి అతిథి వచ్చినప్పుడు తేలుతుందన్నాడు.

వచ్చినావిడ పేరు ఎవుసేబియా. మెక్సికోలో వహాకా కొండల మిరప రైతుల సంఘానికి పెద్ద. ముసలావిడ, రెండు జడలు.

"మేడం, కట్ట నాకియ్యుండ్రి. ఎండ మస్తుగున్నది, మీరు జర నీడకు కూసోండ్రి," అంది శిరీష.

"కూసోండ్రి ఏమిటమ్మాయ్? కూర్చోండి అనాలి. ఉన్న తెలుగే సరిగ్గా రాకపోతే స్పానిష్ ఏం వస్తుంది?"

"మా దిక్కు గిట్లనే అంటం మేడం," అని నవ్వేసి శిరీష సాళ్లలోకి దిగింది.

కట్ట ప్రసూనాంబ చేతిలోనే మిగిలింది. ముసలావిడ మాత్రం శిరీష భుజం పట్టుకుని నడిచింది. కాయ కొరకడం, ఏదో అనడం, ఇద్దరూ కళ్లనీళ్లు తుడుచుకుంటూ పకపకలాడటం. రిబ్బను కావలసినప్పుడు మాత్రం ముసలావిడ వెనక్కి చెయ్యి చాపేది, చిలక్కొయ్య వైపు చాపినట్టు. ప్రసూనాంబ ఒక్కో రిబ్బనూ అందిస్తూ వెనకాలే నడిచింది.

భోజనాల దగ్గర ఇక ఆగలేకపోయింది. గొంతు సవరించుకుని, మాడ్రిడ్ వాళ్లూ బ్యూనస్ ఎయిర్స్ వాళ్లూ చప్పట్లు కొట్టిన ప్రసంగం ఎత్తుకుంది. స్పానిష్ మహాతల్లి అంది. సముద్రం దాటి వచ్చి, అన్ని దేశాలకూ ఒకే నాలుకనిచ్చిందంది. మేమిక్కడ ఒక రాష్ట్రం దాటితే మూగవాళ్లమైపోతాం, మీరు అదృష్టవంతులంది.

ఎవుసేబియా పెరుగన్నం గిన్నె పక్కన పెట్టింది.

"మా ఇంట్లో మాట్లాడేది మా కొండల భాష, జాపోటెక్ అమ్మా," అంది స్పానిష్‌లో, నెమ్మదిగా. "బళ్లో ఆ మాట నోట వస్తే ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టేవారు. మా చెల్లెలు బడే మానేసింది. మీరు చెప్పే మహాతల్లి మా ఇంటికి బెత్తం పట్టుకుని వచ్చింది."

శిరీష అంది, అదీ స్పానిష్‌లోనే: "నన్నెవరూ కొట్టలేదు గానీ నవ్వేవాళ్లు. నేను నోరు తెరిస్తే చాలు, క్లాసంతా నవ్వేది."

"ఎవరు నవ్వేవాళ్లు?" అంది ముసలావిడ.

శిరీష ప్రసూనాంబ వైపు చూడనైనా చూడలేదు. "ఉన్నార్లే," అంది. ముసలావిడ ఆ పిల్ల చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

ప్రసూనాంబకు సిగ్గు వేయాల్సింది. వేసింది కూడా, కొంచెం. కానీ దాని మీద తోసుకుంటూ వచ్చింది అసూయే. ఆ ఇద్దరూ ఒకేలాంటి దెబ్బ తిన్నారు, దాన్నిబట్టి చుట్టరికం కలిసింది. తన మాట విని ఎవరూ ఎన్నడూ నవ్వలేదు. ఎంత చదివినా ఆ చుట్టరికం తనకు రాదు. అవమానపడ్డవాళ్లను చూసి కూడా కుళ్లుకోవలసి వస్తుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

సాయంత్రం హరిప్రసాద్ పిలిచాడు. "ప్రసూనాంబ గారూ, మీరు పెద్దవారు, మీ మాటే ఖాయం చేస్తాను. అతిథుల వెంట ఎవరుంటే బాగుంటుంది?"

"శిరీష చురుకైన పిల్లే," అంది. అక్కడితో ఆపవచ్చు. "భాషే కొంచెం మోటు. పెద్దవాళ్ల ముందు బాగుండదు. నేనే ఉంటాను."

"సరే అయితే. శిరీష కాగితాలు చూసుకుంటుంది."

మర్నాడు మామిడిపల్లిలో కంపెనీకే ఉన్న ఇంకో చేనుకు కారులో బయలుదేరారు. ముసలావిడ తలుపు వేయకుండా ఆగింది. "ఆ అమ్మాయి రాదా?"

"ఆఫీసులో పని ఉందండీ," అంది ప్రసూనాంబ, ఒక్క తప్పు లేని స్పానిష్‌లో.

ఎవుసేబియా తలూపి, సర్కారు కచేరీలో గుమస్తాకు చెప్పినట్టు ఎంతో మర్యాదగా కృతజ్ఞతలు చెప్పింది. దారిలో ఫోను మోగింది. అవతల ఎవరో గానీ, ముసలావిడ జాపోటెక్‌లో గలగలా మాట్లాడింది, తొడ మీద చరుచుకుని నవ్వింది. ప్రసూనాంబకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రిబ్బన్ల కట్ట ఒళ్లో పెట్టుకుని, ఆ ఫోనులో ఉన్న మనిషి మీద కుళ్లుకుంటూ కూర్చుంది.