ఉత్తదానికీ బేరమే

2010లో అమ్మను వెంటబెట్టుకుని, ఆమె క్యాన్సర్ మాత్రల కోసం మిర్యాలగూడలో మెడికల్ షాపుకు వెళ్లాను. ఇంట్లో ఉన్నవి ఆ పూటతో అయిపోతాయి. షాపాయన చెప్పిన ధర మా తాహతుకు మించింది.

"జర తగ్గించన్నా" అన్నాను.

"ఆగక్కా" అంటూ ఆయన ఫోన్ అందుకున్నాడు.

నేను సూర్యాపేటలో స్టీలు సామాన్ల దుకాణంలో పెరిగినదాన్ని. బేరం తెగకపోతే మా నాన్న కూడా ఇలాగే ఫోనెత్తి, లేని సేటుతో మాట్లాడేవాడు. ఈ నాటకాలు నా దగ్గరా అనుకుని అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. వెనక్కి పిలుస్తాడని ధీమా. పిలవలేదు. బజారు మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి చూశాను.

అంతలో ఆయనే రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. "ఏడికి పోతున్నవక్కా? కంపెనోళ్లతోని మాట్లాడిన. డాక్టర్ సంతకం పెడితే అమ్మకు మందులు ఉత్తగనే ఇస్తరట. అందాక గోలీలు నేనిస్త."

అలవాటైన నోరు ఊరుకుంటుందా? "గట్లగాదన్నా, ఇంకింత తగ్గించు" అనేశాను.

జబ్బు బయటపడ్డాక అమ్మ పడీపడీ నవ్వింది అప్పుడే. "ఇంకేం తగ్గిస్తడే, ఎదురు పైసలిస్తడా?" అంది.

ఇప్పుడు ఎవరైనా క్యాన్సర్ మందులు కొనబోతుంటే, సాయమేమైనా దొరుకుతుందేమో ముందు అడగమంటాను. షాపాయన ఫోనెత్తితే అక్కడి నుంచి కదలొద్దంటాను.