కాలువ అడుగున పొడుగు పరుగు

నాకు కప్పవలసిన శాలువాను నా బామ్మర్ది గంగాధర్ కాలువ తూములు చూసుకునే లస్కరు సాయిలుకు కప్పాడు. అదీ మా వాకిట్లో, నేను వేయించిన షామియానా కింద, నా కళ్లముందు. ఈ అన్యాయం ఎందుకు జరిగిందో చదివి మీరే తీర్పు చెప్పండి. నడుమ నేను మునిగే ఘట్టం ఒకటి వస్తుంది. అక్కడ కాస్త మర్యాదగా నవ్వండి.

ఎనభైల నాటి మాట. గంగాధర్‌కు పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష. మరుసటి ఏడు వయసు దాటిపోతుంది కనుక ఇదే ఆఖరి అవకాశం. మా అత్త వాణ్ణి మా ఊరు రుద్రూర్ పంపి నా చేతిలో పెట్టింది. నాది కిరాణా దుకాణం. చదువంతా పొట్లాలు కట్టే పాత పేపర్లలో చదివిందే. ఆ చదువుతో ఒక సిద్ధాంతం తయారు చేశాను: ఎలాంటి పరుగుకు అలాంటి బాట ఉండాలి.

చిన్న పరుగుకు చెరకు తోటల నడుమ డొంక ఎంచాను. నీడ ఉంది, మన్ను మెత్తన. కానీ అవి బోధన్ ఫ్యాక్టరీకి చెరకు పోయే రోజులు. బండి వెనక ఉరికేవాడు చెరకు గడ గుంజుకోవడానికి కాక ఇంకెందుకు ఉరుకుతాడు? బండ్లవాళ్లు చెర్నాకోలలతో వెంటపడ్డారు. వాడు బాగానే ఉరికాడు గానీ మళ్లీ ఆ డొంక ముఖం చూడనన్నాడు.

నడిమి పరుగుకు నిజాంసాగర్ కాలువ కట్ట. అక్కడ ఇంకో చిక్కు. మా దిక్కు మనిషి ఉరుకుతున్నాడంటే ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందని లెక్క. సైకిల్ మీద పోయే ప్రతి పెద్దమనిషీ ఆగి, "ఎవలకు బాగలేదు బిడ్డా? ఎక్కు" అనేవాడు. మావాడు పెద్దల మాట కాదనడు. చెమట చుక్క లేకుండా క్యారియర్ మీద కాళ్లాడిస్తూ వచ్చి నా ముందు దిగేవాడు.

ఇక పొడుగు పరుగు. కట్ట మీద దిగులుగా నిలబడి కిందికి చూశాను. నీళ్లు బందు పెట్టిన కాలువ! చదునైన అడుగు, తడి ఇసుక, రెండు పక్కలా గోడల్లా గట్లు. బండి రాదు, సైకిల్ రాదు, పరామర్శ రాదు. ఆనందంతో నేనే నాలుగు అడుగులు ఉరికాను.

ఆ సాయంత్రం చాయ్ హోటల్లో ఈ సంగతి అందరికీ వివరిస్తుంటే బయట చాటింపు డప్పు మోగింది. నా మాట నాకే వినబడలేదు. లేచి వెళ్లి, "గీడ ముచ్చట నడుస్తుంది, జర అవుతలకు పోయి కొట్టు" అన్నాను. పాపం, అవతలికి పోయే కొట్టాడు. ఆ డప్పును గుర్తుంచుకోండి.

తెల్లారి గంగాధర్‌ను కాలువలోకి దింపి, "వంతెన రాకముందు కట్టెక్కితివో, మీ అక్క మీద ఒట్టే" అన్నాను. నేను సైకిల్ మీద ముందే వంతెన చేరి, కాలువలోకి దిగి, తువ్వాల పట్టుకుని నిలబడ్డాను.

మలుపులో కనిపించాడు. ఆ పరుగు మీరు చూడవలసింది. కుందేలైనా పక్కకు జరిగి దారి ఇచ్చేది. నా రొమ్ము ఉప్పొంగింది. వాడు నోరు తెరిచి ఏదో అరుస్తుంటే కృతజ్ఞత అనుకుని రెండు చేతులూ చాచాను. వాడు నన్ను దాటేసి, మెట్లెక్కి, వంతెన మీద బోర్లా పడ్డాడు. చాచిన నా చేతుల్లోకి మాత్రం చెరకు ఆకు, తెగిన చెప్పు ఒకటి, వాటి వెనక నిజాంసాగర్ నీళ్లు వచ్చాయి. నిలబడ్డప్పుడు మోకాలి దాకానే ఉన్నాయి. పడ్డాక నెత్తి మీదికి వచ్చాయి.

నీళ్లు వదిలిన సాయిలే కట్ట వెంట ఉరికొచ్చి నా పంచె పట్టి లాగాడు. పంచె వచ్చింది, నేను రాలేదు. రెండోసారి జుట్టు పట్టాడు.

"నిన్న డప్పు కొట్టిపిచ్చిన గద సేటూ, ఇనలేదా?" అన్నాడు.

జవాబుగా నోట్లోని కాలువను కట్ట మీద కక్కాను.

వెనక నీళ్లు తరుముతున్నాయని తలుచుకుంటూ గంగాధర్ పరీక్షలో అందరికన్నా ముందు ఉరికాడు. ఉద్యోగం వచ్చింది. విందు నాడు చంకలో సంచితో నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేను సంతోషం పట్టలేక, ఇక ఎస్సై పరీక్షకు మంజీర నది ఇసుకలో కొత్త బాట చూసిపెట్టానని మొదలుపెట్టాను. మాట పూర్తి కాకముందే వాడు గిర్రున తిరిగి వెళ్లి సాయిలుకు శాలువా కప్పాడు.

ఆనాడే ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట మేక తప్పించుకుని పోతున్నా దానికి దారి చూపను, డప్పు మోగితే చేతిలో చాయ్ కింద పెట్టి ఆఖరి దెబ్బదాకా వింటాను.

కడుపుమంట మాత్రం ఆరలేదు. వాడి మీసం నెరిశాక ఒకనాడు అడిగేశాను, నాకెందుకు కప్పలేదని. తల వంచుకుని చెప్పాడు:

"సంచిల రెండు శాలువలున్నయ్ బావా. ముందుగాల నీకే కప్పుదామని వచ్చిన. మంజీరల కొత్త బాట సూసిన అంటివి. నీది సంచిలనే ఉండె, నేను ఉరికిన."