పుస్తకంలో లేని పచ్చిపులుసు

మొన్న ఉప్పల్‌లో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుంటే, గోడ మీది టీవీలో ఆమె కనిపించింది. శబ్దం తగ్గించి ఉంది. జుట్టు నెరిసినా గరిటెను పెన్నులా పట్టుకునే పద్ధతి మారలేదు. ఒకప్పుడు మధ్యాహ్నాలు టీవీలో వంటలు చూపించి, తర్వాత తన చిన్ననాటి తిండి గురించి ఒక పుస్తకం రాసిందామె. డాక్టరు నోరు తెరవమనేదాకా ఆ పుస్తకమే నా తలలో తిరిగింది.

తెలంగాణ రాకముందు, బందులకు బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలియని రోజులవి. నాచారంలో రెండు గదుల ఇంట్లో అమ్మ, బాపు, నేను. అమ్మకు క్యాన్సర్ మందు ఎక్కిస్తున్నారు. పోపు వాసన తగిలితే చాలు, కడుపులో ఉన్న కాస్తా బయటికి వచ్చేది. పొద్దున అన్నం వార్చడం తప్ప పొయ్యి వెలిగించడం మానేశాం. బాపు ఫ్యాక్టరీ నుంచి వస్తూ కర్రీ పాయింట్‌లో కూర కట్టించుకొస్తే, ఇద్దరం బయట మెట్ల మీద కూర్చొని దొంగల్లా తినేవాళ్ళం. లోపల అమ్మ రోజురోజుకూ తరిగిపోతోంది. మూడు వారాలకు మళ్ళీ తూస్తామని, బరువు ఇంకా తగ్గితే మందు ఆపక తప్పదని డాక్టరు చెప్పేశాడు. ఆపితే ఏమిటని మేము అడగలేదు.

నేను నలుగురిలో నోరు విప్పలేని దాన్ని. డైరీ రాసుకోవడం, పుస్తకం వెనక దాక్కోవడం, ఇవే నాకు వచ్చిన పనులు. ఆ పుస్తకం ఏఎస్ రావు నగర్‌లో పాత పుస్తకాల కొట్టులో దొరికింది. చెప్పడానికి సిగ్గే గాని, ఆకలితో చదివాను. రొయ్యలు ఎండబెట్టిన పెరడు, కాకుల కాపలాకు కూర్చోబెడితే కాకుల కంటే ముందే తిన్న పిల్ల. అక్కడ నవ్వానట.

"ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్? జర నాకూ వినబడేటట్టు సదువు," అంది అమ్మ గోడవైపు తిరిగే.

"తిండి గురించమ్మా. నీకు కడుపుల తిప్పుతది."

"పుస్తకంల పోపుకు వాసనుంటదా? సదువు."

అలా మొదలైంది. రోజుకొక అధ్యాయం. అది అయ్యాక రెండు చెంచాల పెరుగన్నం మింగేది. కొన్నిసార్లు నిలిచేది, కొన్నిసార్లు లేదు. తూకానికి ఇంకా ఎనిమిది రోజులు ఉండగానే పుస్తకం అయిపోయింది. ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. అమ్మ పడుకున్నప్పుడు డైరీ కాగితాల మీద నేనే అధ్యాయాలు రాసి, పుస్తకంలో పెట్టి చదవసాగాను. రెండు గడిచాయి. మూడోదానికి నా దగ్గర సముద్రమూ లేదు, రొయ్యలూ లేవు. ఉన్నది మా ఇంటి పచ్చిపులుసు. దాన్నే ఆ పుస్తకం రాసినామె బాల్యంలో పెట్టేశాను.

"చింతపండు రసంలో ఉల్లిగడ్డ ముక్కలు వేసి, పైన నువ్వుల పొడి చల్లి..."

"ఆగు," అంది అమ్మ. ఇటు తిరిగింది. "గామెది కృష్ణా జిల్లా గద. పచ్చిపులుసుల బెల్లం ఏసుకునేటోళ్ళు. నువ్వుల పొడి ఎప్పటిసంది ఏస్తున్నరు?"

నేను కాగితాన్ని పుస్తకంలోకి ఇంకా లోపలికి తోశాను.

"నిన్న రొయ్యలల్ల పాలకూర ఏసినప్పుడే అనుకున్న. పుస్తకం ఎప్పుడు ఒడిసింది?"

"మొన్ననే."

"అబద్ధమన్నా సరిగ్గ రాయాలె బిడ్డా. అండ్ల ఉప్పే ఎయ్యలే నువ్వు." వంట సామాను వైపు చెయ్యి చూపించింది. "నువ్వుల పొడి డబ్బాల ఉన్నది. పొయ్యి ముట్టియ్యకు. పో, కలుపు."

నిప్పు తగలని పులుసుకు పోపు వాసన ఉండదన్న సంగతి రెండు వారాలుగా మాలో ఎవరికీ తట్టలేదు. పొద్దుటి అన్నంలో కలిపి పెట్టాను. నాలుగు ముద్దలు తిన్నది. బకెట్ పట్టుకొని పక్కనే నిలబడ్డాను, చేతులు నొప్పి పుట్టేదాకా. అవసరం రాలేదు. మర్నాడు ఐదు ముద్దలు. తూకం రోజైన సోమవారం బంద్. బాపు స్కూటరు మీద, మధ్యలో అమ్మను కూర్చోబెట్టి వెనక నేను పట్టుకొని, సందుల్లోంచి దవాఖానాకు పోయాం. తూకం ముల్లు మూడు వారాల కింద ఉన్న చోటే ఆగింది. మందు ఎక్కించారు.

ఆ తర్వాత అమ్మ ఏడాదిన్నర బతికింది. ఏడాదిన్నర ఎంతలో గడిచిపోతుందని జనం అంటుంటారు. ఒక్కో ముద్ద దిగిందా లేదా అని గొంతువైపు చూస్తూ గడిపిన వాళ్ళకు అది చాలా పొడుగు.