మార్లీన్ గారి నంబర్ వన్ పాటలు

కారు తలుపులోని స్పీకర్ దడదడమంటుంటే నా మోకాలు అదురుతోంది. వెనక సీట్లో పదకొండేళ్ళ మా అమ్మాయి మేఘన. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇల్లు దాటినప్పటి నుంచి డ్యాన్స్ క్లాసు దాకా ఇదే గోల. "ఆపవే తల్లీ, తల పగిలిపోతోంది" అనబోయి నోరు మూసుకున్నాను. ఆ అదురు తగిలితే చాలు, నాకు మార్లీన్ గారు గుర్తొస్తారు.

చదువుకోవడానికి ఈ దేశంలో యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో క్వేకర్స్ హిల్‌లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వంట, మందులు చూసుకునేదాన్ని. ఎనభైకి దగ్గర పడ్డ మార్లీన్ గారిది బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం. పదమూడేళ్ళ మనవరాలు లోట్టె అక్కడే ఉండేది. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేసేదే గానీ "ఊఁ", "ఆఁ", "ఉంటాను ఒమా", అంతే. ఒమా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. పిల్ల చేజారిపోతోందని ఆవిడకు బెంగ పట్టుకుంది. అందుకని ఓ ఏడాది పాటు, ఫ్లాండర్స్‌లో ఏ వారం ఏ పాట నంబర్ వన్ అయితే ఆ పాట వినాలని పంతం పట్టారు. శనివారం నేను ఫోన్‌లో వెతికి, పేరు నోట్‌బుక్‌లో రాసి, పాట పెట్టాలి. మూడుసార్లు వినేవారు. మూడోసారి అయ్యేదాకా బాగుందనీ బాగాలేదనీ అనడానికి వీల్లేదు.

"ఇది పాటా, మిక్సీనా?" అన్నాను ఒకసారి, నాకొచ్చిన ఇంగ్లీషులో.

"ఒక్కసారే విన్నావుగా. ఇంకా రెండున్నాయి, కూర్చో."

మూడోసారి అయ్యాక, "నాకూ నచ్చలేదు. కానీ రెండో చరణం ముందు వాడు ఊపిరి పీల్చుకున్నాడు చూడు, పాపం, భయపడుతున్నాడు" అన్నారు. నచ్చనిదాన్ని అంత శ్రద్ధగా వినే మనిషిని అంతకు ముందు చూడలేదు. గిరావీన్‌లో నా రూమ్మేట్, వరంగల్ పిల్ల, "గా ముసలామెకు గీ పాటల పిచ్చేందే?" అని నవ్వేది. నవ్వనీ! నాలుగు నెలలు తిరిగేసరికి ఆ పాటల కబుర్లతో లోట్టె ఫోన్ గంటసేపు సాగేది.

దాన్ని చెడగొట్టింది నేనే. ఆరు వారాలుగా ఒకే పాట నంబర్ వన్‌గా కదలకుండా కూర్చుంది. ఓ శనివారం అసైన్‌మెంట్ తొందరలో, చూడకుండానే "మళ్ళీ అదే" అని రాసి వెళ్ళిపోయాను. సరిగ్గా ఆ వారమే పాట మారింది. లోట్టె ప్రాణం పెట్టుకున్న గాయని మొదటిసారి పైకెక్కింది. ఆదివారం అమ్మమ్మ పాత పాట గురించే మాట్లాడేసరికి, "నువ్వు ఊరికే నటిస్తున్నావు ఒమా" అని పిల్ల ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాతి ఆదివారం ఫోనే రాలేదు.

సంగతి తెలిశాక తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "తప్పు నాదని నేనే పాపకు చెబుతాను" అన్నాను ఏడుస్తూ.

"చెబితే నీ మనసు తేలికపడుతుంది. నేను ఆ పాట వినలేదన్నది మాత్రం అలాగే ఉంటుంది. పెట్టు."

ఆమధ్య వినికిడి ఇంకా తగ్గి, ఆవిడ చెవి మిషన్‌లో మాటలు తెలిసేవి గానీ, పాటలు గరగరమనేవి. మిషన్ తీసేసి, అరచేతిని స్పీకర్ మీద ఆనించి, కళ్ళు మూసుకున్నారు. ఆ మధ్యాహ్నం మూడుసార్లు కాదు, పదిసార్లకు పైనే పెట్టించారు. తర్వాత మిషన్ మళ్ళీ పెట్టుకుని లోట్టెకు ఫోన్ చేశారు. ఎత్తలేదు. అప్పుడేం చేశారనుకున్నారు? వాయిస్ మెసేజ్‌లో పాట పాడారు! గొంతు వణికింది, శ్రుతి ఎటో పోయింది. టేబుల్ మీద వేళ్ళతో వేసిన దరువు మాత్రం ఒక్కచోటా తప్పలేదు.

నేను గిన్నెలు కడుగుతుండగా ఫోన్ మోగింది. అవతల లోట్టె నవ్వుతోందో ఏడుస్తోందో వాళ్ళ భాష రాని నాకు అర్థం కాలేదు. మార్లీన్ గారు నావైపు తిరిగి, "ఘోరంగా పాడానట. మళ్ళీ పాడమంటోంది" అన్నారు. ఆవిడ మొహం చూడాలి అప్పుడు!

ఆవిడ పోయాక నోట్‌బుక్‌ను లోట్టె తీసుకెళ్ళింది. నా దగ్గర మిగిలింది ఆ మూడుసార్ల నియమమే. ఇన్నేళ్ళూ అది కూడా సరిగ్గా పాటించలేదని ఇవాళ సిగ్గేసింది. క్లాసు ముందు కారాపి, "ఆ పాట మళ్ళీ పెట్టు" అన్నాను.

"యూ వోంట్ లైక్ ఇట్, అమ్మా."

"నచ్చలేదే. ఒక్కసారే విన్నాగా, ఇంకా రెండున్నాయి."

మేఘన అద్దంలోంచి నన్ను వింతగా చూసింది. క్లాసుకు టైమవుతున్నా కారు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, నా పక్క సీట్లో కూర్చుని వాల్యూమ్ పెంచింది.