మస్కట్ నుంచి సారపాక దాకా

మా అక్క మస్కట్‌లో నర్సు. గుండె ఆగి చనిపోయిందని ఫోన్ వచ్చింది. కొన్నాళ్లకు, శవపెట్టెను విమానం ఎక్కిస్తున్నామన్న కబురు అందింది.

బావ సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలే లారీ డ్రైవరు. ఏ అడవి నుంచి మిల్లు గేటుకు ఎంతసేపు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ రోజు మాత్రం నన్ను అడిగాడు.

"బామ్మర్దీ, మస్కట్ ఎయిర్‌పోర్టు నించి హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు ఎంత దూరమో ఫోన్ల చూడు."

అడగడానికి కారణముంది. మా వైపు సమాధికి తవ్విన గొయ్యిని ఖాళీగా ఉంచరు. ఉంచితే అది ఇంకొకరిని అడుగుతుందని భయం. మనిషి ఊరు చేరే వేళకే తవ్వాలి.

రెండు పేర్లూ కొట్టాను. సముద్రం మీదుగా ఒక గీత పడింది. రెండు వేల రెండు వందల కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం అని చెప్పాను.

"మూడు గంటలేనా? హైదరాబాద్ నించి మనూరు రానీకే ఆరు గంటలైతది గదరా!"

మళ్లీ చూడమన్నాడు. మళ్లీ అదే వచ్చింది. పోయిన క్రిస్మస్‌కు వస్తానని అక్క అంటే, "గంత దూరం నించి నాల్గు రోజులకేం వస్తవ్, సెలవు ఎక్కువ దొరికినప్పుడు రా" అన్నది ఈయనే. ఆయన మనసులో అది లారీ ఎన్ని రోజులు నడిచినా తరగని దూరం. ఎన్నడూ కొలిచి చూడలేదు.

"గింత దగ్గరుండెనా" అని గోడకు ఆనుకున్నాడు.

తర్వాత తనే లెక్క కట్టాడు. విమానం, కాగితాల పని, రోడ్డు అన్నీ కలిపి మధ్యాహ్నానికి వస్తుందన్నాడు. పొద్దున్నే గొయ్యి తవ్వించాం. తీరా చూస్తే పెట్టె ముంబైలో దిగి ఇంకో విమానం ఎక్కిందట. ఫోన్‌లో గీత తిన్నగా ఉంది కదా, మాకేం తెలుసు.

మధ్యాహ్నం దాటింది. పూడ్చి మళ్లీ తవ్వుదామన్నాడు సంఘపెద్ద. బావ గొయ్యిలోకి దిగి కూర్చున్నాడు.

"ఇప్పుడు ఖాళీగ లేదు గద" అన్నాడు.

నాకు కోపమొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. చెంబుతో నీళ్లు అందిస్తే తాగాడు.

పొద్దు వాలుతుండగా కొత్తగూడెం దాటామని అంబులెన్సు డ్రైవరు ఫోన్ చేశాడు.

"ఇగ గంట. అది నా తోవే" అంటూ బావ పైకి వచ్చి మట్టి దులుపుకున్నాడు.

సమాధుల దగ్గర తోవ ఇరుకు. బండి వెనక్కే రావాలి. బావ వెనక నిలబడి, మిల్లులో లారీలకు చెప్పినట్టే "రానీ, రానీ" అంటూ చెయ్యి ఊపాడు. గొయ్యి దగ్గరపడింది. ఆపమనాలి. ఆయన ఆపమనలేదు. నేనే పరుగెత్తి బండి మీద చరిచి ఆపించాను.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"రానియ్‌రా. వస్తనంటే నేనే వద్దన్న."