కాక ఫోన్‌కు వచ్చే నంబర్లు

మా కాక పోయాడు. రెండు వారాల కింద, శుక్రవారం పొద్దున, గల్ఫ్‌లోని సల్మాబాద్ లేబర్ క్యాంపులో కింది మంచం మీద నిద్రలోనే పోయాడు. చాయ్ పట్టుకొని లేపబోయినతను "కాక లేస్తలేడన్నా!" అని అరిచాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. నా కళ్లు ఆయన ఫోన్ కోసం వెతికాయి.

మాకు చుట్టరికమేమీ లేదు. ఆయన మా కంపెనీ టైంకీపర్, అందరికీ పెద్ద, అందుకే కాక. "దుబాయి పైసలకు టాక్సేంది?" అనుకొనే రకం మేము. నేను ఊళ్లో ప్లాటు అమ్మాను, రిటర్ను వేయలేదు. ఇన్‌కంటాక్స్ కవరు ఇంటికొస్తే నా భార్య విప్పలేదు. విప్పితే తీసుకున్నట్టే అవుతుందని నాలుగు నెలలు బీరువాలో చీరల కింద దాచింది. చివరికి కవరు ఫొటో మాత్రం పంపింది. అది చూసి కాక నెత్తి కొట్టుకున్నాడు.

"కవరు పాము కాదుర. ఇప్పితె కరవది, ఇప్పకుంటెనే కరుస్తది."

శుక్రవారం అన్నాలయ్యాక బోర్లించిన పెయింటు డబ్బా మీద లాప్‌టాప్ పెట్టేవాడు. కళ్లద్దాలకు ఒక పక్క కాడ లేదు, దారం కట్టుకున్నాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పాత రిటర్నులు వేసేవాడు, వేస్తూ తిట్టేవాడు. "తెల్వదంటె ఇంటరా? గడువుకు సుట్టరికం ఉండదు బిడ్డా." జరిమానా ఎంతో చదివేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాడు, తనే కట్టాల్సినట్టు. పైసా ముట్టేవాడు కాదు. బిస్కెట్ ప్యాకెట్ తెస్తే మాకే పంచేవాడు. ఆ తిట్లే లేకపోతే మాలో సగం మంది ఈపాటికి మునిగేవాళ్లం.

మా ఇండియా సిమ్ములు రీచార్జి లేక ఎప్పుడో చచ్చాయి. అందుకని అందరి ఖాతాలకూ కాక తన నంబరే పెట్టాడు. ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. నంబరు మార్చాలన్నా ముందు దానికే రావాలి. "నీకెందుకు కాకా ఈ లొల్లి?" అంటే నవ్వాడు. "నేనున్నన్ని రోజులు మీకు రంది లేదు పోండ్రి." మేమూ నవ్వాం.

ఆ కవరులోని నోటీసుకు జవాబు ఆయనే టైపు చేసి పెట్టాడు. పంపడమే మిగిలింది. తాను పోయిన ఆ శుక్రవారమే పంపుదామన్నాడు. గడువు దాటితే ప్లాటు డబ్బంతా దాచిన ఆదాయమంటారు. సగం కట్టిన ఇల్లు అమ్మినా ఆ జరిమానా తీరదు.

ఫోన్ అడిగితే క్యాంపు ఇన్‌చార్జి ఇవ్వలేదు. "ఇంటోళ్లకే ఇస్తం" అన్నాడు. అదీ న్యాయమే. మొన్న శవపెట్టెతోపాటు ఫోనూ ఊరికి పోయింది.

చిన్నమ్మకు, అంటే కాక భార్యకు, దినాలు కూడా గడవలేదు. ఫోన్ చేయడానికి రెండు రోజులు చెయ్యి రాలేదు. ఇవాళ ఓటీపీ కోసం నొక్కి, వెంటనే ఆమె నంబరుకు చేశాను. "చిన్నమ్మా, కాక ఫోను..." అన్నానో లేదో అందుకుంది.

"ఊకె మోగుతున్నది బిడ్డా. ఏందో నంబర్లు వస్తున్నయి. బుగులైతున్నది నాకు. ముట్టుకోలె. తువాల సుట్టి బీరువల పెట్టి తాళమేసిన."

అది పాము కాదు చిన్నమ్మా అనబోయాను. కాక మాట చిన్నమ్మకే చెప్పడానికి నోరు రాలేదు. "మంచిగ చేసినవ్" అన్నాను.

గడువు రేపే. ఆమె కళ్లు తుడుచుకుంటున్నట్టుంది. ఆమె వెనక బీరువా లోపల కాక ఫోన్ ఒకసారి మోగింది. అది నా ఓటీపీయే.