పావురం వచ్చేదాకా

మా అత్తవారిది పెడన. ఇంటి వెనక రేకుల షెడ్డులో మావయ్యగారు చెక్క అచ్చులతో దుప్పట్ల మీద అద్దకం వేసేవారు. రెండువేల మూడో, నాలుగో సంవత్సరం అది. పాపకి అప్పుడు ఐదో నెల. మావారు పని మీద గుడివాడ వెళ్లారు.

పదింటికి మజ్జిగ తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. అద్దిన వరస పక్కకి జరిగిపోయి ఉంది. ఆయన వరస తప్పడం అంతకుముందు ఎవరూ చూడలేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయన నవ్వాడు.

"ఏంటి బావా, పొద్దున్నే ఏమన్నా పుచ్చుకున్నావా?"

మావయ్యగారూ నవ్వారు. నోరు ఒక వైపుకే సాగింది. తాగుతున్న మజ్జిగ రెండో వైపు నుంచి గడ్డం మీదికి కారింది. కారుతున్నట్టు ఆయనకి తెలియలేదు. నేను చూశాను. అయినా, మీ మూతి వంకరగా ఉందని మావగారితో కోడలు ఎలా అంటుంది? గ్లాసు తీసుకుని వచ్చేశాను.

అరగంటకి అచ్చు కింద పడ్డ చప్పుడైంది. పరుగెత్తి వెళ్లేసరికి ఆయన బల్లకి ఆనుకుని కూలబడి ఉన్నారు. కుడిచెయ్యి వేలాడుతోంది. మాట ముద్దగా వస్తోంది.

"పక్షవాతం గాలి అక్కా," అన్నాడు పక్క బల్ల ఆయన మా అత్తయ్యతో. "పావురాన్ని కోసి వేడి నెత్తురు రాస్తే వదిలిపోద్ది. నే పట్టుకొస్తా." సైకిలెక్కి వెళ్లాడు.

"బందరు ఆసుపత్రికి తీసుకెళ్దాం అత్తయ్యా. ఎంత దూరమని?"

"సూది పడితే ఆ చెయ్యి ఇంక రాదంటారు. చంటిపిల్ల తల్లివి, ముందు నువ్వు లోపలికెళ్లు. ఆ గాలి పిల్లకి సోకుద్ది."

నేను బీయస్సీ చదివాను. మెదడుకి రక్తం అందకపోతే ఏమవుతుందో పరీక్షలో రాశాను. అయినా పిల్ల పేరు ఎత్తేసరికి లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాను. కిటికీ కూడా మూశాను. పాప నోరు సరిగ్గానే ఉందా అని పదేపదే చూసుకుంటూ కూర్చున్నాను. గోడ అవతల మావయ్యగారి గొంతు వినిపిస్తూనే ఉంది. గంట కావొస్తుండగా అది ఆగిపోయింది. అప్పుడు గాలి భయం కన్నా పెద్ద భయం పట్టుకుంది.

తలుపు తీసి బయటికొచ్చాను. పావురం ఇంకా రాలేదు. పాపని అత్తయ్య చేతుల్లో పెట్టి, రోడ్డు మీద పోతున్న ఆటోని ఆపాను. ఆమె అడ్డు చెప్పలేదు. పాపని ఆటోలో పడుకోబెట్టి, ఆయన కాళ్లు తనే పట్టింది.

బందరులో డాక్టరుగారు ఎప్పుడు మొదలైందని అడిగారు.

"ఇందాకేనండి, అచ్చు చేజారినప్పుడు," అంది అత్తయ్య.

"పదింటికండీ," అన్నాను. "నోరు ఒక పక్కకి పోయింది. నేను చూశాను."

డాక్టరుగారు గడియారం చూశారు. పన్నెండు దాటింది. "నోరు వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా, ఏ ఒక్కటి కనిపించినా ఆ నిమిషమే బయల్దేరాలమ్మా. నోట్లో ఏమీ పొయ్యకూడదు," అన్నారు.

మావయ్యగారు బతికారు. మాట కొంత వచ్చింది, చెయ్యి రాలేదు. ముందే తీసుకెళ్తే వచ్చేదా అని తర్వాత డాక్టరుగారిని అడిగాను. వచ్చి ఉండొచ్చు, చెప్పలేం అన్నారు.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో అత్తయ్య పాపని భుజాన వేసుకుని నన్నే చూస్తూ నిలబడింది.

"చూసి కూడా చెప్పలేదేమే?"

"సిగ్గేసింది అత్తయ్యా," అన్నాను.